అలుగు పిల్ల తోకెక్కిన వైనం

ఒకప్పుడు లోకంలో ఏ ప్రాణికీ పేరు లేదు. మనుషులకు మాత్రం ఉండేవి. మనుషులు ఏ పనైనా ముందు తమకోసం చేసుకుంటారు కదా, పేర్లు కూడా అలాగే ముందు తమకే పెట్టేసుకుని, మిగిలినవాళ్ళ సంగతి మరిచిపోయారు.

దాంతో అడవిలో ఎవరు ఎవరిని పిలవాలన్నా "ఓయ్" అనాల్సిందే. ఏనుగునీ ఓయ్ అనాలి, ఎలుకనీ ఓయ్ అనాలి. ఇప్పుడు నేను ఏనుగు, ఎలుక అంటున్నానంటే మీకు తెలియడం కోసం అంటున్నాను. అప్పట్లో ఆ మాటలే లేవు. అవి లేకుండా కథ చెప్పమంటే నావల్ల కాదు.

ఒక వానాకాలం కాకి ఎగురుకుంటూ వచ్చి, వాగు అవతల ఉండే ఆయన పోయాడని చెప్పింది. వాగు అవతల ఉండే ఆయనంటే ఏనుగే అనుకున్నారు అందరూ. దుప్పులు ఏడ్చాయి. నెమలి ఆట మానేసింది. ఎలుగుబంటి చావింటికి వట్టి చేతులతో పోవడం బాగుండదని తేనెపట్టు ఒకటి మోసుకుని బయల్దేరింది. తీరా వెళ్ళి చూస్తే ఏనుగు హాయిగా వాగులో స్నానం చేస్తోంది. ఎవరు పోయారని అడిగింది. నువ్వే అన్నారు. ఏనుగు నిజమేనేమోనని కాసేపు తనూ భయపడింది.

చివరికి తేలిందేమిటంటే, పోయింది ఒక ముసలి ఎండ్రకాయ. పాపం, దానికోసం ఏడవడానికి ఎవరి దగ్గరా కన్నీళ్ళు మిగల్లేదు.

ఇక ఇలా లాభం లేదని ఏనుగు అందరినీ కూడగట్టింది. ఒక్కొక్కరికీ ఒక పేరు ఉండాలంది. ఊరికే పేరుంటే చాలదు, మనుషులకున్నట్టు ఇంటిపేరు కూడా ఉండాలంది. ఒక ఇంటిపేరు వచ్చినవాళ్ళంతా ఒక్కచోటే ఉండాలి, ఆ ఇంటి పెద్ద చెప్పిన ఆచారమే పాటించాలి, లేకపోతే మళ్ళీ కలగాపులగం అయిపోతుందని గట్టిగా చెప్పింది. అందరూ తలలూపారు. తలూపేటప్పుడు ఎవరూ పెద్దగా ఆలోచించరు.

మరి పేర్లు పెట్టేదెవరు? ఆ సంగతి కొంగకు తెలుసు. రోజంతా వాగులో ఒంటికాలి మీద నిలబడే కొంగకు వాగు ఒడ్డున జరిగేవన్నీ తెలుసు.

నల్లమల కింద, ఆ వాగు ఒడ్డునే, మద్దిలేటి అనే ఆయన బట్టలు ఉతికేవాడు. మూడూళ్ళలో నలభై ఇళ్ళ బట్టలు ఆయనవే. అన్నీ కలిపి చౌడుమట్టి నీళ్ళలో నానబెట్టేవాడు, కలిపి ఉబ్బలో పెట్టి ఆవిరికి ఉడకనిచ్చేవాడు, కలిపి పొదల మీద ఆరేసేవాడు. సాయంత్రానికి ఏ ఇంటి మూట ఆ ఇంటికి చేరేది. ఇరవై ఏళ్ళలో ఒకరి పంచె ఇంకొకరింటికి పోయింది లేదు.

ఆ కిటుకంతా నల్లజీడి గింజలో ఉంది. గింజను వేడిచేసి, సూదిమొనతో దాని రసం తీసి, బట్ట అంచున గుర్తు పెట్టేవాడు. ఒక్కో బట్టకు రెండు గుర్తులు. మొదటిది ఇంటిది, రెండోది మనిషిది. కరణంగారింటికి మూడు గీతలు. ఆయన పంచెకు ఆ గీతల పక్కన ఒక చుక్క, ఆయన తమ్ముడి పంచెకు రెండు చుక్కలు. అంతే. ఒకసారి నల్లజీడితో పెట్టాడంటే బట్ట చిరిగిపోవాలే గాని గుర్తు పోదు.

పనిలో అంత నిఖార్సయిన మనిషికి ఒక్కటే లోపం. ఎవరినైనా బట్టలు చూసి పోల్చుకునేవాడు తప్ప ముఖం చూసి కాదు. పైపంచె కనబడితే చాలు, ఇంటిపేరుతో సహా చెప్పేసేవాడు. అదే మనిషి పంచె మార్చుకుని వస్తే తెల్లముఖం వేసేవాడు.

జంతువులన్నీ కలిసి వచ్చి తమకు గుర్తులు పెట్టి పేర్లు పెట్టమని అడిగేసరికి మద్దిలేటికి ఒళ్ళు పొంగిపోయింది. మీసం దువ్వుకుని, నలభై ఇళ్ళను చూసుకుంటున్నవాణ్ణి, మీరొక లెక్కా అన్నాడు. ఆయన భార్య సుంకులమ్మ ఇంట్లో ఉంటే కొంచెం నిదానించమనేదే. కానీ ఆమె మంత్రసాని. తెల్లారకముందే పైఊళ్ళో ఎవరికో నొప్పులొస్తున్నాయని కబురొస్తే వెళ్ళింది.

ఇక్కడ అలుగు గురించి చెప్పాలి. ఈ కథ దానిదే.

అలుగంటే మూతి సన్నగా, నాలుక బారెడు ఉండే జంతువు. నోట్లో పన్నన్నది లేదు. చీమలూ చెదలూ నాకి బతుకుతుంది. పైకి చూస్తే తల నుంచి తోక చివరి దాకా ఒంటినిండా పెంకులు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. ఎవరైనా పలకరిస్తే తల ముడుచుకుంటుంది.

అలాంటి అలుగు ఆ రోజు అందరికంటే ముందే నిద్రలేచింది. పది రోజుల కిందటే దానికి ఒక పిల్ల పుట్టింది. ఒక్కగానొక్క పిల్ల. దాని పెంకులింకా మెత్తగా, పాలిపోయిన రంగులో ఉన్నాయి. ఈ రోజు నా బిడ్డకు పేరొస్తుందని అలుగు రాత్రంతా మురిసిపోయింది. పిల్లకు కడుపునిండా పాలిచ్చి, మట్టి తుడిచి, పొట్టకు కరిపించుకుని వాగు దారి పట్టింది. వరసలో అందరికంటే చివర నిలబడింది.

మద్దిలేటి బండ మీద కూర్చున్నాడు. ముందు మూటలు విడదీయాలి, ఆ తర్వాతే గుర్తులు అన్నాడు.

ఒంటి మీద చారలున్నవాళ్ళంతా చారల బట్టల ఇల్లన్నాడు. దాంతో పులీ ఉడుతా ఒకే ఇంటివాళ్ళయిపోయారు. ఉడుత ఎగిరి గంతేసి పులి పక్కన నిలబడి, అన్నా అని పిలిచింది. పులి వినబడనట్టు అటు తిరిగింది.

చుక్కలున్నవాళ్ళంతా ఒక ఇల్లన్నాడు. దుప్పి పక్కకు చిరుతపులి వచ్చి నిలబడింది. దుప్పి అక్కడికక్కడే కళ్ళుతిరిగి పడిపోయింది. చిరుత మాత్రం పద్ధతి చాలా బాగుందని, ఇక ఎవరూ దీన్ని మార్చకూడదని అంది.

నెమలి, సీతాకోకచిలుక, పచ్చగా మెరిసే ఒక పెంకుపురుగు పట్టుబట్టల ఇంటికి వెళ్ళారు. ఎలుగుబంటి, కాకి, గండుచీమ నల్లబట్టల ఇంటికి. ఎలుగుబంటి కొత్త చుట్టం ఎక్కడుందోనని చాలాసేపు నేలంతా వెతుక్కుంది.

చివరికి అలుగు వంతు వచ్చింది. అది నోరు తెరిచేలోపే మద్దిలేటి, గళ్ళచీర, అటు పో అన్నాడు.

గళ్ళ బట్టల ఇంట్లో ఎవరున్నారంటే చేపలున్నాయి, ఉడుముంది, తొండ ఉంది. వాళ్ళందరికీ పెద్దగా కొండచిలువ చుట్టలు చుట్టుకుని కూర్చుంది. అలుగు బెరుకుగా వెళ్ళి ఒక మూల నిలబడింది. కొండచిలువ చెడ్డదేం కాదు. మర్యాదగానే పలకరించింది. పలకరించి, ఆ పొట్టకు కరుచుకుని ఉన్నది ఏమిటని అడిగింది.

"నా బిడ్డ. పాలు తాగుతోంది."

"పాలంటే ఏమిటి?" అంది కొండచిలువ.

దానికి నిజంగానే తెలియదు. కొండచిలువ తన ఇంటి ఆచారం వివరంగా చెప్పింది. మా ఇంట్లో తల్లులు గుడ్లు పెడతారు. నేనైతే అవి పగిలేదాకా చుట్టుకుని కాపలా ఉంటాను. మిగతావాళ్ళు అది కూడా ఉండరు. పగిలాక ఎవరి దారి వాళ్ళది. పిల్లల్ని ఎత్తుకోవడం, వెంట తిప్పుకోవడం మా ఇంటా వంటా లేదు. ఇప్పటిదాకా నీకు ఇంటిపేరు లేదు కాబట్టి నీ ఇష్టం. రేపటినుంచి దాన్ని వదిలేసి నీ దారిన నువ్వు పోవాలి. ఇంతే చెప్పింది. కోపంగా కూడా చెప్పలేదు.

అలుగు పిల్లను ఇంకా గట్టిగా హత్తుకుంది. పది రోజుల పిల్ల. దానికి చీమల పుట్ట ఎటుందో తెలియదు. నాలుక ఎలా చాపాలో తెలియదు. వదిలేస్తే రెండో రోజుకు ఉండదు.

అలుగు పరుగున వెళ్ళి ఎలుగుబంటిని, కోతిని, లేడిని అడిగింది. నన్ను మీ ఇంట్లో చేర్చుకోండి, నేనూ మీలాగే పిల్లకు పాలిస్తాను అంది. వాళ్ళు దాని వీపుకేసి చూశారు. నీ ఒంటి మీద బొచ్చేదీ అన్నారు. అలుగుకు అంతకంటే వాదించడం రాదు. వెనక్కి వచ్చి మద్దిలేటి ముందు నిలబడింది.

"మద్దిలేటన్నా, ఆ ఇల్లు నాది కాదు."

"నీ ఒంటి మీద గళ్ళుండాయా లేవా?" అన్నాడు మద్దిలేటి.

"ఉన్నాయి."

"ఇంకేం మరి? బట్ట అబద్ధం చెప్పదమ్మా. ఇరవై ఏండ్లుగా చూస్తాండా."

అప్పటికి పొద్దు పడమటికి వాలింది. జీడిరసం వేడెక్కింది. మూట విప్పినప్పుడు ముందుగా ఇంట్లో పసిబిడ్డ గుడ్డకే గుర్తు పెట్టడం మద్దిలేటికి అలవాటు. ఆ రోజు అందరిలోకీ పసిది అలుగు పిల్లే. సూది ముంచుకుని, తే తల్లీ, ముందు దీనికే పెడదాం అంటూ వంగాడు. ఆ గుర్తు పడిందంటే ఇక పోదు. పిల్ల కొండచిలువ ఇంటిదైపోతుంది.

అలుగు పారిపోలేదు. కరవడానికి పళ్ళు లేవు. అరవడం రాదు. అది చేయగలిగింది ఒక్కటే చేసింది. పిల్లను పొట్టలోకి లాక్కుని, తల లోపలికి వంచి, తోకను పైనుంచి కప్పేసి, గుండ్రంగా చుట్టుకుపోయింది. చూస్తే ఒక పెద్ద కొబ్బరికాయ దొర్లి అక్కడ ఆగినట్టుంది.

మద్దిలేటి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఎంత బిగిసిన ముడినైనా చిటికెలో విప్పే మనిషి. ఈ ముడి మాత్రం విడలేదు. ఏనుగు వచ్చి తొండంతో పట్టింది. పులి గోళ్ళు పెట్టి చూసింది. ఎవరివల్లా కాలేదు.

సరిగ్గా అప్పుడే సుంకులమ్మ వాగు దాటి వచ్చింది. నెత్తిన సంగటి గిన్నె, చంకలో మంత్రసాని మూట. పొద్దున్నుంచి ఒక బిడ్డను బయటికి తేవడానికి ఆమె పడ్డ పాట్లు ఆమెకే తెలుసు. అలసిపోయి ఉంది, ఆకలి మీద ఉంది. మొగుడి చుట్టూ అడవంతా చేరి ఉండటం చూసి, గిన్నె దించి, ఏమిటీ సంత అని అడిగింది. మద్దిలేటి గర్వంగా అంతా చెప్పాడు. ఈ ఒక్కటే మొండికేసిందన్నాడు.

సుంకులమ్మ ఉండచుట్టుకున్న అలుగు దగ్గరికి వంగి చెవి పెట్టింది. ఉండలోంచి చిన్న చప్పుడు వస్తోంది. చప్... చప్... చప్. ఆ చప్పుడు ఆమెకు కొత్త కాదు. ఏడూళ్ళలో ఎన్ని గదుల్లో విన్నదో.

"నువ్వు తప్పుకో" అంది మొగుడితో. తను నేల మీద చతికిలబడి, నొప్పులు పడే ఆడపిల్లల వీపు నిమిరినట్టే అలుగు వీపు నిమిరింది. "ఏం భయం లేదు తల్లీ. నేనుండా కదా. నీ బిడ్డను ఎవరూ తీసుకోరు. నిదానంగా ఊపిరి తీసుకో. అట్లనే. అట్లనే."

చాలాసేపు పట్టింది. మొదట తోక సడలింది. తర్వాత మూతి బయటికి వచ్చింది. ఆ తర్వాత అలుగు మెల్లగా పక్కకు ఒరిగింది. పొట్ట మీద పెంకులు లేవు. మెత్తటి చర్మం, పలచగా వెంట్రుకలు. ఆ మెత్తటిచోట పిల్ల కళ్ళు మూసుకుని పాలు తాగుతోంది. లోకంలో ఇంత గొడవ జరిగినట్టు దానికి తెలియనే తెలియదు.

అందరూ నోరెళ్ళబెట్టి చూశారు. బొచ్చేదీ అని అడిగిన ఎలుగుబంటి తల దించుకుంది.

సుంకులమ్మ లేచి మొగుడివైపు తిరిగింది. "పోయిన దసరాకు మా తమ్ముడు కొత్త చొక్కా తొడుక్కోని వస్తే నువ్వేమంటివి?"

మద్దిలేటి మీసం మీది చెయ్యి తీసేశాడు.

"ఎవరు మీరు, ఏ ఊరు అని అడిగితివి. ఇరవై ఏండ్ల చుట్టరికం. చొక్కా మారిందని మనిషినే మరిచిపోతివి. బట్ట చూసి ఇల్లు చెప్తావు, సరే. బట్ట లోపల ఎవరుండారో బట్ట చెప్తుందా? పుట్టేటప్పుడు ఎవరి ఒంటి మీదా బట్ట ఉండదయ్యా. అయినా ఏ బిడ్డ ఏ ఇంటిదో నేను చెప్తా. ముక్కు చూస్తా, చెవి చూస్తా, కాలివేళ్ళు చూస్తా. తల్లి ఎట్లా కన్నదో, ఏం పెట్టి పెంచుతాందో చూస్తా."

మద్దిలేటి చేతిలోని సూదిని కింద పెట్టి, నువ్వే చెప్పు మరి, నేను గుర్తులు పెడతానన్నాడు. మనిషికి గర్వముంది గాని మొండితనం లేదు.

మూటలన్నీ మళ్ళీ విప్పారు. సుంకులమ్మ ఒక్కొక్కరి వీపూ తడిమి చూసింది. వెన్నెముక ఉన్నవాళ్ళను ఒక పక్కకు, లేనివాళ్ళను ఇంకో పక్కకు పంపింది. సీతాకోకచిలుక నెమలికి టాటా చెప్పి గండుచీమ పక్కకు వెళ్ళింది. తర్వాత పిల్లకు పాలిచ్చేవాళ్ళు ఎవరని అడిగింది. వాళ్ళందరిదీ ఒక వాడంది. పిట్టల మధ్య రెక్కలు ముడుచుకుని పెద్దమనిషిలా కూర్చున్న గబ్బిలాన్ని నీకు ఈకలేవీ అని అడిగితే, అది గుటకలు మింగి, రెక్క కింద దాచుకున్న పిల్లను చూపించి పాల వాడకు వచ్చింది.

వాడలో మళ్ళీ వీధులు పడ్డాయి. పళ్ళు, కాళ్ళు, గోళ్ళు చూసి వీధులు, వీధిలో ఇళ్ళు, ఇంట్లో మనుషులు. పులీ చిరుతా ఒక్క ఇంటివాళ్ళేనని తేలింది. ఆ మాట చెవిన పడగానే దుప్పికి స్పృహ వచ్చింది. ఉడుతను ఎలుకల వీధిలో వేశారు. అది మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఇప్పటికీ పులి కనబడితే చెట్టు మీంచి ఏదో ఒకటి అంటూనే ఉంటుంది.

ఏనుగు నియమం కూడా కొంచెం సడలింది. ఒక వాడవాళ్ళంతా ఒక్కచోటే ఉండక్కర్లేదు, గబ్బిలం చెట్టుకు వేలాడినా పాల వాడదే అన్నారు. ఆచారం మాత్రం ఒక్కటే, ఆ వాడ తల్లులు పిల్ల ఎదిగేదాకా పాలివ్వాలి.

మద్దిలేటి ఒక్కొక్కరికీ రెండు గుర్తులు పెట్టాడు. ఇంటిది ముందు, మనిషిది తర్వాత. ఆ గుర్తులను బట్టే రెండేసి పేర్లు వచ్చాయి. మనం ఇంటిపేరు ముందు చెప్పి, సొంతపేరు తర్వాత చెప్పుకోమూ, అలాగే.

మళ్ళీ చివరికి అలుగు వంతే వచ్చింది. పాల వాడలోనే, కానీ పక్కన ఇంకో ఇల్లు లేని చిన్న వీధిలో, దానికో ఇల్లు కేటాయించారు. ఒంటరి ఇల్లయినా పరవాలేదనుకుంది అలుగు. పిల్ల దగ్గరుంటే చాలు. సంతోషం పట్టలేక ఏడ్చింది కూడా.

మద్దిలేటి సూది ముంచి దాని వీపున గుర్తు పెట్టబోయాడు. జీడిరసం పెంకు మీంచి జారిపోయింది. ఇంకో పెంకు మీద పెట్టాడు. అదీ జారింది. ఇరవై ఏళ్ళలో ఆయన చేతి గుర్తు నిలవకపోవడం అదే మొదలు. ఆయనకు నిజంగానే బాధ కలిగింది. తన గుర్తు నిలవనందుకు కాదు.

"గుర్తు లేకుండా పంపిస్తే రేపు నాబోటివాడు ఇంకొకడు వస్తాడు" అన్నాడు భార్యతో. "వాడూ గళ్ళే చూస్తాడు. అప్పుడు నువ్వుండవు, నేనుండను. ఈ తల్లి నోరు విప్పి చెప్పుకోలేదు."

సుంకులమ్మ వంగి, అలుగు పొట్ట కింది పిల్లను రెండు చేతులా ఎత్తి, తల్లి తోక మొదట్లో కూర్చోబెట్టింది. పిల్ల తన చిట్టి గోళ్ళతో గట్టిగా పట్టుకుంది.

"దీనికి జీడి గుర్తు ఎందుకయ్యా?" అంది. "ఈ బిడ్డే గుర్తు. లోపల దాచుకుంటే కదా ఎవరికీ తెలియకపోయింది. అమ్మా, ఇంక నలుగురికీ కనబడేటట్టు ఎక్కించుకోని తిరుగు."

అలుగు నాలుగడుగులు వేసి చూసింది. పిల్ల పడలేదు. ఇంకో నాలుగడుగులు వేసింది. ఆ తర్వాత వెనక్కి చూడకుండా, ఏనుగు పక్కనుంచి, పులి పక్కనుంచి, కొండచిలువ ముందునుంచి తల ఎత్తుకుని నడిచిపోయింది. పాలంటే ఏమిటో అప్పటికీ అర్థం కాకపోయినా, కొండచిలువ తన చుట్ట కొంచెం జరుపుకుని దారి ఇచ్చింది. సుంకులమ్మ సంగటి గిన్నె ముందేసుకుంది. మద్దిలేటి భార్య ముఖంలోకి ఆ రోజు మొదటిసారి సరిగ్గా చూసి, బాగా అలిసిపోయినావే అన్నాడు.

అప్పటినుంచే శాస్త్రం చదివినవాళ్ళ పుస్తకాల్లో ప్రతి ప్రాణికీ రెండు పేర్లు ఉంటున్నాయి, ముందు ఇంటిది, తర్వాత తనది. అప్పటినుంచే భయం వేసినప్పుడు అలుగు పిల్లను లోపల పెట్టుకుని ఉండచుట్టుకుపోతుంది. భయం లేనప్పుడు మాత్రం పిల్లను తోక మీద ఎక్కించుకుని తిరుగుతుంది. దారిలో ఎవరైనా ఆపి, ఒంటినిండా పెంకులున్నదానివి, నువ్వు ఎవరింటిదానివి అని అడిగారనుకోండి, అది మాట్లాడదు. తోక కొంచెం పైకెత్తి చూపించి ముందుకు సాగిపోతుంది.